పెరటి కాయల దప్పళం: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

పెరట్లో కాపు చివరికొచ్చిన రోజుల్లో మిగిలిన కాయలన్నీ పోగేసి మీ అమ్మమ్మగారు పెట్టే దప్పళం మీద నీవు రాసిన వ్యాసం చదివాను. మంచి విషయం ఎంచుకున్నావు. అయితే "అమృతతుల్యం", "కమ్మదనం" అన్న మాటలు పేరా పేరాకూ కనిపించాయి గాని, గిన్నెలో ఏ ముక్క ముందు పడిందో, ఏది తరువాత పడిందో ఎక్కడా తెలియలేదు. దప్పళం రుచంతా ఆ వరసలోనే ఉంది.

చింతపండు పులుపు కాయగూరను త్వరగా మెత్తబడనివ్వదు. పచ్చి ముక్కను నేరుగా పులుసులో వేస్తే చాలాసేపు మరిగినా లోపల బిరుసుగానే ఉంటుంది. అందుకే సొరకాయ, ములక్కాడ, చిలగడదుంప ముక్కలను ముందుగా ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో ముప్పాతిక వంతు ఉడకనిచ్చి, త్వరగా మెత్తబడే గుమ్మడి, వంకాయ ముక్కలను ఆ తరువాత చేర్చి, అవి కూడా మగ్గాక గాని చింతపండు రసం పోయరు. బెండకాయ దారి వేరు. దాన్ని నూనెలో కాస్త వేయించి, పులుపు పడిన తరువాతే వేస్తే జిగురు విరుగుతుంది, ముక్క చెదరదు. ఒకే చింతపండు ఒక కాయకు అడ్డుపడి మరో కాయకు అక్కరకు రావడం ఎంత చక్కని విషయం! నీవు దాన్ని "కూరగాయలన్నీ వేసి ఉడికించాలి" అని ఒక్క వాక్యంతో దాటేశావు.

చివరి కాపు కాయలు ఒక్క ఈడువి కావు. ఆ తేడా కూడా నీ రాతలోకి రావాలి. సొరకాయలో గోరు దిగుతుందా, బెండకాయ కొస పుటుక్కున విరుగుతుందా లేక పీచు పట్టుకొని వేలాడుతుందా అని చూసే ఆ చేతులను గురించి రాయి. ముదిరిన సొరకాయను చెక్కు తీసి, గింజలు తోడేస్తే పులుసుకు పనికొస్తుంది. పీచు పట్టిన బెండకాయను మాత్రం ఏ పులుసూ బాగుచేయలేదు. అటువంటివి చెట్టున ఇంకా ఉంటే విత్తనానికి వదిలేయడమే మేలు. ఏదీ పారేయకూడదన్న పట్టుదలతో అన్నీ గిన్నెలో వేయమని పాఠకుడికి చెప్పకు.

"తగినంత బెల్లం" అన్నచోట కారణం చెప్పు: గుమ్మడి, చిలగడదుంప ఎక్కువ పడిన రోజున బెల్లం తగ్గుతుంది. బియ్యప్పిండిని చన్నీళ్లలో జారుగా కలిపి పోయాలని, పొడిపిండి మరిగే పులుసులో పడితే ఉండకడుతుందని రాయి. పోపులో మెంతులు ఎర్రబడితే చాలు, నల్లబడితే పులుసంతా చేదెక్కుతుంది. ఇంగువ, కరివేపాకు గురించి నీవు రాసినది బాగుంది, అలాగే ఉంచు.

తిరగరాసే ముందు ఒకసారి అమ్మమ్మగారు వండుతుండగా పక్కన కూర్చొని, పులుసు దించే సమయం వచ్చిందని ఆవిడ దేన్నిబట్టి గుర్తిస్తారో అడిగి రాసుకో. కొత్త ప్రతి పంపితే తప్పక చదువుతాను.

శుభాకాంక్షలతో.