క్యాంపర్ ట్రైలర్ బ్యాటరీ సోలార్‌తో నిండడం లేదా? ముందు రెగ్యులేటర్ ఎక్కడుందో చూడండి

మీరు అడిగింది ఇదీ: మెల్‌బోర్న్‌లో కొన్న పాత క్యాంపర్ ట్రైలర్, అందులో 100 ఆంపియర్ అవర్ ఏజీఎం (మూసి ఉండే లెడ్-యాసిడ్ రకం) బ్యాటరీ, 40 లీటర్ల ఫ్రిజ్. 200 వాట్ల మడత ప్యానెల్, దాని వెనక బిగించి వచ్చిన పీడబ్ల్యూఎం రెగ్యులేటర్ (ప్యానెల్ కరెంటుని అదుపు చేస్తూ బ్యాటరీని నింపే పెట్టె, అందులో మామూలు రకం), అక్కణ్ణుంచి బ్యాటరీ దాకా 10 మీటర్ల వైరు. వేసవిలో రోజంతా ఎండలో పెట్టినా మూడో రోజు తెల్లారేసరికి ఫ్రిజ్ ఆగిపోతోంది. ఇంకో ప్యానెల్ కొనాలా?

ఇప్పుడే కొనకండి. ఆ సైజు కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు 30 నుంచి 40 ఆంపియర్ అవర్లు తింటుంది. లైట్లు, నీళ్ళ పంపు, ఫోన్లు కలిపి ఇంకో 8 వేసుకోండి. మొత్తం దాదాపు 45, అంటే సుమారు 570 వాట్ అవర్లు. జనవరిలో మెల్‌బోర్న్‌లో రోజంతా పడే ఎండని నిండు ఎండ గంటల్లోకి మారిస్తే 6 గంటలు దాటుతుంది. 200 వాట్ల ప్యానెల్‌కి అది 1200 వాట్ అవర్లు. వేడికీ, దుమ్ముకీ, వైర్లకీ మూడో వంతు పోయిందనుకున్నా 800 మిగలాలి. ఏజీఎం బ్యాటరీని సగం కంటే కిందికి దించకూడదు కాబట్టి మీ చేతిలో ఉన్న నిల్వ 50 ఆంపియర్ అవర్లే, ఒక్క రోజు వాడకం. మూడో రోజుకి ఖాళీ అవుతోందంటే ప్యానెల్ ఇచ్చేదాంట్లో చాలా భాగం బ్యాటరీకి చేరడం లేదు. ఎక్కడ పోతోందో పట్టుకోవాలి.

నా అనుమానం రెగ్యులేటర్ ఉన్న చోటు మీద. మడత ప్యానెళ్ళ వెనక దాన్ని బిగించేది అమ్మడానికి వీలుగా ఉంటుందని. చార్జింగ్‌కి అది తప్పు చోటు. రెగ్యులేటర్ తన టెర్మినళ్ళ దగ్గర ఉన్న వోల్టేజీనే చూడగలదు, 10 మీటర్ల అవతల బ్యాటరీ దగ్గర ఎంతుందో దానికి తెలియదు. మీ ప్యానెల్‌లో 100 వాట్ల ముక్కలు రెండు సమాంతరంగా కలిపి ఉంటాయి. నిండు ఎండలో దాదాపు 11 ఆంపియర్లు వస్తాయి. వైరు సన్నగా ఉంటే దారిలోనే 2 వోల్టులు పోతాయి. రెగ్యులేటర్ దగ్గర 14.4 వోల్టులు (ఏజీఎం నిండడానికి కావలసినంత) కనిపిస్తుంటే బ్యాటరీ దగ్గర 12.3 మాత్రమే ఉంటుంది. రెగ్యులేటర్ మాత్రం 'ఇక నిండబోతోంది' అనుకుని కరెంటు తగ్గించడం మొదలుపెడుతుంది. కరెంటు తగ్గినకొద్దీ వైర్లో పోయేదీ తగ్గుతుంది కాబట్టి బ్యాటరీ మెల్లమెల్లగా ఎక్కుతూనే ఉంటుంది, కానీ అది నిండేలోపు పొద్దు గుంకుతుంది.

వైరు సైజులో ఆస్ట్రేలియాలో ఒక పెద్ద మోసపు లెక్క ఉంది. మన ఊళ్ళో 4 ఎంఎం వైరు అంటే లోపలి రాగి అడ్డుకోత వైశాల్యం 4 చదరపు మిల్లీమీటర్లు. ఇక్కడ వాహనాల సామాను దుకాణంలో '4 ఎంఎం ఆటో కేబుల్' అంటే పైనున్న ప్లాస్టిక్ తొడుగుతో కలిపి వైరు మందం. అందులో రాగి 1.84 చదరపు మిల్లీమీటర్లే! '6 ఎంఎం ఆటో'లో కూడా 4.6 దాకానే ఉంటుంది. ప్యాకెట్ మీద చదరపు మిల్లీమీటర్లు రాసి ఉంటే ఆ అంకెనే నమ్మండి. లేదా బీ అండ్ ఎస్ గేజ్ (రాగి మందానికి ఇంకో కొలత) అడగండి, 8 బీ అండ్ ఎస్ అంటే దాదాపు 8 చదరపు మిల్లీమీటర్లు.

లెక్క మీరే వేసుకోవచ్చు. రానూపోనూ పొడవుని మీటర్లలో తీసుకుని 0.0175తో గుణించి, రాగి వైశాల్యంతో భాగిస్తే వైరు నిరోధం ఓమ్‌లలో వస్తుంది. దాన్ని ఆంపియర్లతో గుణిస్తే పోయే వోల్టులు. 10 మీటర్ల దూరమంటే రానూపోనూ 20 మీటర్లు. 11 ఆంపియర్ల దగ్గర 4 ఎంఎం ఆటో వైర్లో 2.1 వోల్టులు, 6 ఎంఎం ఆటోలో 0.84, 8 బీ అండ్ ఎస్‌లో 0.48 పోతాయి. చాలామంది పొడవుని ఒకవైపే లెక్కేస్తారు, అక్కడే సగానికి సగం తప్పు వస్తుంది.

కాబట్టి మొదటి పని రెగ్యులేటర్‌ని ప్యానెల్ నుంచి విప్పి ట్రైలర్ లోపల, బ్యాటరీకి మీటరులోపు బిగించడం. అప్పుడు పొడుగు వైర్లో పోయేది ప్యానెల్ వైపు పోతుంది. అక్కడ 18 వోల్టులున్నాయి కాబట్టి కొంత తట్టుకుంటుంది. అయితే సన్న వైరుని అలాగే ఉంచకండి. ఎండకి వేడెక్కిన ప్యానెల్ 18 వోల్టుల దగ్గర ఉండదు, 15 – 16కి దిగుతుంది. అందులోంచి 2 పోతే 14.4 అందదు. 10 మీటర్లకి 8 బీ అండ్ ఎస్ వాడండి. బ్యాటరీకీ రెగ్యులేటర్‌కీ మధ్య ఉన్న మీటరుకీ అదే.

డబ్బు పెట్టగలిగితే పీడబ్ల్యూఎం తీసేసి ఎంపీపీటీ అనే మెరుగైన రకం రెగ్యులేటర్ పెట్టుకోండి. పీడబ్ల్యూఎం ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. 11 ఆంపియర్లని 13 వోల్టులతో గుణిస్తే 143 వాట్లు, 200 వాట్ల ప్యానెల్ నుంచి దక్కేది అంతే. ఎంపీపీటీ ఆ మిగులు వోల్టేజీని ఆంపియర్లుగా మారుస్తుంది. చల్లటి రోజుల్లో లాభం బాగా ఉంటుంది, ప్యానెల్ మండిపోయే రోజున తక్కువ. పెట్టె మీద 75/15 అని ఉంటే ప్యానెల్ వైపు గరిష్ఠంగా 75 వోల్టులు, బ్యాటరీ వైపు 15 ఆంపియర్లు అని అర్థం. మీ 200 వాట్లకి అది చాలు.

ఎంపీపీటీ ఉంటే ప్యానెల్ రెండు ముక్కల్నీ సిరీస్‌లో కలపవచ్చు. 36 వోల్టులు, 5.5 ఆంపియర్లు అవుతుంది. కరెంటు సగమైతే వైర్లో వేడిగా పోయే శక్తి నాలుగో వంతుకి దిగుతుంది: ఆ సన్న వైర్లోనే 23 వాట్లకి బదులు 6 వాట్ల లోపు. లోడు లేని వోల్టేజీ 44, గడ్డకట్టే చలిలో 48 దాకా వెళ్ళినా 75 దాటదు. కానీ మీరు ఎప్పుడూ యూకలిప్టస్ చెట్ల కింద దిగేవాళ్ళైతే సమాంతరంగానే ఉంచండి, ఒక ముక్క మీద నీడ పడినా రెండోది తన పని తాను చేస్తుంది. పీడబ్ల్యూఎంకి మాత్రం సిరీస్ వద్దే వద్దు.

బిగించే వరుస ముఖ్యం. ముందు బ్యాటరీ ప్లస్ దగ్గర, వీలైనంత ఆనుకుని, 20 ఆంపియర్ల ఫ్యూజ్ హోల్డర్ పెట్టండి, ఫ్యూజ్ పెట్టకుండా. ఫ్యూజ్ కాపాడేది వైరుని. ట్రైలర్ అదురుకి ఇన్సులేషన్ ఒరుసుకుపోయి షార్ట్ అయితే బ్యాటరీ వందల ఆంపియర్లు తోసేస్తుంది. రెగ్యులేటర్ దగ్గర ఫ్యూజ్ పెడితే మధ్యలో ఉన్న వైరుకి రక్షణే లేదు. ఆ తర్వాత రెగ్యులేటర్‌కి బ్యాటరీ వైర్లు కలిపి, ఫ్యూజ్ పెట్టి, అది 12 వోల్టుల వ్యవస్థ అని గుర్తుపట్టిందో లేదో చూసుకుని, చివర్లో ప్యానెల్ కలపండి. విప్పేటప్పుడు ముందు ప్యానెలే విప్పాలి. బ్యాటరీ లేకుండా ప్యానెల్ తగిలిస్తే కొన్ని రెగ్యులేటర్లు కాలిపోతాయి. పనిచేస్తున్నంత సేపూ ప్యానెల్‌ని దుప్పటి మీద బోర్లించి ఉంచండి.

లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొసలు) కటింగ్ ప్లయర్‌తో నొక్కితే గుంతల రోడ్డు మీద వదులవుతాయి. సరైన క్రింపింగ్ టూల్ వాడండి. సోల్డర్ చేసిన చోట వైరు బిరుసెక్కి, అదురుకి ఆ అంచునే తెగుతుంది. రేకులోంచి వైరు దూర్చే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ పెట్టండి.

ఇక ఆండర్సన్ ప్లగ్. ట్రైలర్ ముందు, కారు నుంచి కరెంటు తీసుకోడానికి ఉన్న ఆ బూడిద రంగు ప్లగ్ వెనక ఏముందో తెలుసుకోకుండా ప్యానెల్ తగిలించకండి. అది నేరుగా బ్యాటరీకి వెళ్తుంటే, రెగ్యులేటర్ తీసేసిన ప్యానెల్ 14.4 దాటించి బ్యాటరీని ఉడికిస్తుంది. లోపల సోలార్ ఇన్‌పుట్ ఉన్న డీసీ-డీసీ చార్జర్ (కారు కరెంటుతో ట్రైలర్ బ్యాటరీని నింపే పెట్టె) ఉంటే కొత్త రెగ్యులేటరే అక్కర్లేదు, ప్యానెల్‌ని నేరుగా ఆ ఇన్‌పుట్‌కే ఇవ్వాలి. ఒకదాని వెనక ఒకటి రెండు రెగ్యులేటర్లు పెడితే రెండూ ఒకదాన్నొకటి తికమకపెడతాయి. ఆ ప్లగ్‌లో ఆడా మగా తేడా లేదు, ఎక్స్‌టెన్షన్ తలకిందులుగా క్రింప్ చేసి ఉన్నా చక్కగా కూర్చుంటుంది. కొత్త వైరు తగిలించే ముందు ప్రతిసారీ మల్టీమీటర్‌తో ప్లస్ మైనస్ చూడండి.

బ్యాటరీకి మానిటర్ షంట్ (వచ్చే పోయే కరెంటుని కొలిచే ముక్క) ఉంటే రెగ్యులేటర్ మైనస్ వైరు బ్యాటరీ పోస్టుకి కాకుండా షంట్ అవతలి వైపుకి, లోడ్ల పక్కకి కలపాలి. లేకపోతే సోలార్ నుంచి వచ్చింది లెక్కలోకే రాదు. పీడబ్ల్యూఎం పాతదే వాడుతుంటే ప్యానెల్ మైనస్‌ని చాసిస్‌కి కలపకండి. చవక రకాల్లో చాలావాటికి కామన్‌గా ఉండేది ప్లస్, మైనస్ వైపే స్విచింగ్ జరుగుతుంది.

సెట్టింగ్ ఏజీఎంకి పెట్టండి: 14.4 నుంచి 14.7 వోల్టులు, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 13.6 – 13.8. మీ బ్యాటరీ మీద వేరే అంకె ఉంటే అదే ఖాయం. రేపు లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి మారితే ఈక్వలైజేషన్ (అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే దశ), ఉష్ణోగ్రత సవరణ రెండూ ఆపేయాలి, సున్నా డిగ్రీల కంటే చలిలో దానికి చార్జింగ్ ఇవ్వకూడదు.

అంతా అయ్యాక ఎండలో రెండు కొలతలు తీయండి. ప్యానెల్ విడిగా ఉన్నప్పుడు ప్లగ్ దగ్గర 20 – 22 వోల్టులు రావాలి. సిరీస్‌లో అయితే దానికి రెట్టింపు. చార్జ్ అవుతుండగా రెగ్యులేటర్ అవుట్‌పుట్ దగ్గరా, బ్యాటరీ పోస్టుల మీదా కొలిస్తే తేడా 0.1 దాటకూడదు. దాటితే ఎక్కడో లగ్గు వదులుగా ఉంది, వేలితో తాకితే వెచ్చగా తగులుతుంది. షార్ట్ కరెంటు కొలవాలనుకుంటే ఒక ముక్కదే కొలవండి, రెండూ కలిస్తే 11 ఆంపియర్లు దాటుతుంది, మల్టీమీటర్ 10 ఆంపియర్ల ఫ్యూజ్ పోవచ్చు. బ్యాటరీ ఆరోగ్యం చూడాలంటే రాత్రంతా అన్నీ విప్పి ఉంచి పొద్దున్నే కొలవండి. 12.7 – 12.8 ఉంటే నిండినట్టు, 12.2 దగ్గర సగం. సాయంత్రం ఫ్లోట్‌కి వచ్చి కూడా పొద్దున 12.3 చూపిస్తుంటే పోయింది బ్యాటరీయే.

ప్యానెల్‌ని ఉత్తరానికి తిప్పండి. హైదరాబాద్‌లో మేడ మీద ప్యానెళ్ళు దక్షిణం చూడడం మనకి అలవాటు, ఇక్కడ సూర్యుడు ఉత్తరాన నడుస్తాడు. జూన్‌లో మెల్‌బోర్న్ నిండు ఎండ 2 గంటలు కూడా దక్కదు కాబట్టి, చలికాలం కూడా క్యాంపింగ్‌కి వెళ్తేనే రెండో ప్యానెల్ గురించి ఆలోచించండి. అప్పుడు ఆ 75/15 సరిపోదు, 75 చోట 100, 15 చోట 30 ఉన్నది కావాలి.