డంపింగ్ యార్డు గాలి వచ్చే చోట ఫ్లాటు: కొనే ముందు ఒక వానాకాలం అద్దెకు ఉండండి

హైదరాబాద్ శివారు దమ్మాయిగూడలో రెండు పడకగదుల ఫ్లాటు తార్నాక ధరలో సగానికే వస్తోందని, జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన అప్పుడప్పుడు తగులుతుందని అమ్మే ఆయనే ఒప్పుకున్నాడని రాశారు. మీ ఇద్దరూ ఉద్యోగాలకు వెళతారు, అమ్మగారూ పాపా ఇంట్లో ఉంటారు. కొనాలా వద్దా అన్నది మీ ప్రశ్న. నన్నడిగితే ఇప్పుడే బయానా ఇవ్వకండి. అదే వీధిలో అద్దెకు దిగి, వానాకాలం వెళ్లేదాకా ఉండి చూడండి. మేము అలాగే ఉండి చూసి, చివరికి వేరే చోట కొన్నాం.

ఇల్లు చూపించేవాళ్లు ఎప్పుడూ ఆదివారం పదకొండు గంటల వేళకే రమ్మంటారు. అప్పటికి ఎండెక్కి, నేల వేడెక్కి, గాలి పైకి లేస్తుంది. వాసన చెదిరిపోతుంది. రాత్రి నేల చల్లబడ్డాక గాలి కదలదు, వాసన కిందనే పేరుకుంటుంది. కాబట్టి తెల్లవారుజామున వెళ్లండి. వాన కురిసి వెలిసిన మర్నాడు వెళ్లండి. తడిసిన చెత్త కుళ్లే వాసన ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. పాత గుట్టను పొరలు వేసి కప్పారు, చెత్తతో కరెంటు తీసే ప్లాంటు కూడా పెట్టారు. మునుపటికన్నా నయమని అక్కడి పాతకాపులు అంటారు, వాళ్ల మాట నేను నమ్ముతాను. కానీ నగరం చెత్త ఇంకా అక్కడికే వస్తోంది. ఏదో ఒకరోజు తరలిస్తారన్న ఆశతో మాత్రం కొనకండి.

నిజానికి నాకు ఆ వాసన పెద్ద బాధ కాలేదు. పొద్దున్నే వెళ్లి చీకటిపడ్డాక వచ్చేవాణ్ణి. బాధంతా అమ్మది. సాయంత్రం కాగానే కిటికీలన్నీ మూసేది. బట్టలు బాల్కనీలో ఆరేస్తే వాసన పట్టేస్తుందని పడకగదిలో ఫ్యాను కింద తాడు కట్టింది. ముసురు రోజుల్లో ఈగలకు భయపడి గిన్నె గిన్నెకూ మూత, మూత మీద తడిగుడ్డ. సాయంత్రాలు మెట్ల దగ్గర పక్కింటి పెద్దవాళ్లతో కూర్చోవడం ఆవిడకు ఇష్టం, అదీ మానేసింది. అడిగితే "అలవాటైపోతుందిలే నాయనా" అనేది. తార్నాకలో ఉన్నప్పుడు పొద్దుపోయేదాకా గుమ్మంలో కూర్చునే మనిషి ఆమె. ధరలో మిగిలే లక్షలు కొన్నవాడి ఖాతాలో ఉంటాయి, వాసన పగలంతా ఇంట్లో ఉండేవాళ్ల వంతు అవుతుంది. అందుకే ఈ విషయంలో ఆఖరి మాట మీది కాదు, మీ అమ్మగారిది అంటాను. అదీ ఒకసారి ఇల్లు చూసి చెప్పే మాట కాదు, అక్కడ ఉండి చెప్పే మాట కావాలి.

నీళ్ల సంగతి కూడా చూడండి. బోరు నీళ్లు గ్లాసులో పట్టి రాత్రంతా ఉంచండి, అడుగున ఏం తేరుకుంటుందో పొద్దున చూడండి. పరీక్షకు కూడా పంపండి. వేసవిలో ట్యాంకర్లకు ఎంత ఖర్చయిందో అపార్ట్‌మెంటు సంఘం లెక్కల పుస్తకంలో ఉంటుంది. వాచ్‌మన్‌ను అడిగితే అంతకన్నా ముందే చెప్పేస్తాడు.

అసౌకర్యం ఉన్న చోటల్లా వద్దని నేను అనను. మేము కొన్నది మౌలాలిలో, రైలు పట్టాల పక్కన. అక్కడా ధర తక్కువే. చప్పుడుకు రెండు పొరల అద్దాల కిటికీలు పెట్టించాం, చాలావరకు తగ్గింది. చక్రాల శబ్దం కన్నా కూత ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. రోడ్డుకు అడ్డంగా వేసే రైలు గేటు దగ్గరపడితే డ్రైవరు కూత వేయాల్సిందే కాబట్టి, గేటుకు దూరంగా ఉన్న భవనం ఎంచుకున్నాం. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక మా వైపు రైలు ప్రయాణం సులువైంది కూడా. చప్పుడుకు తలుపు వేసుకోవచ్చు, వాసనకు వేసుకుంటే ఊపిరాడదు. నాకు తేడా అక్కడే కనిపించింది.

పట్టాల పక్కన చూసేటట్లయితే ఒక మాట. రైల్వే హద్దు నుంచి 30 మీటర్ల లోపు కట్టిన భవనానికి రైల్వే నిరభ్యంతర పత్రం ఉండాలి, అడిగి చూడండి. చెరువు పక్కన చవకగా వస్తుంటే మాత్రం, ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) లోపల ఉందేమో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల పటంలో చూసుకోనిదే అడుగు వేయకండి. 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఆ హద్దుల్లోని కట్టడాలు ఎలా కూలాయో అందరం చూశాం. ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ఓసీ (భవనంలో నివసించవచ్చన్న అనుమతి పత్రం) ఎక్కడ కొన్నా తప్పవు. జాతీయ బ్యాంకు ఏదైనా లోను ఇవ్వనంటే కారణం తెలుసుకోకుండా ముందుకు వెళ్లవద్దు.

ఇంకొకటి. ఈ రోజు మీకు తగ్గించిన ధరే రేపు మీ దగ్గర కొనేవాడూ తగ్గించమంటాడు. పాప చదువు కోసం అయిదారేళ్లలో అమ్మేసి వెళ్లే ఆలోచన ఉంటే ఈ ఫ్లాటు మీకు పనికిరాదు. అక్కడే స్థిరపడదామనుకుంటే, వానలు వెలిశాక అమ్మగారు సరేనంటే, అప్పుడు కూర్చుని బేరం చేయండి. ఇప్పుడు చెబుతున్న ధరకన్నా తగ్గించి అడగండి. తగ్గకపోతే అదే వరసలో మరో ఫ్లాటు అమ్మకానికి ఉంటుంది, అక్కడ ఎప్పుడూ ఉంటాయి.