తమిళం చదవడం రానివాళ్లు సంగం కవిత్వం ఎక్కడ మొదలుపెట్టాలి?

"తమిళం కొంచెం మాట్లాడగలను, చదవడం రాదు. అనువాదంలో శిలప్పదికారం మొదలుపెట్టి పది పేజీలు దాటలేకపోయాను. ప్రాచీన తమిళ సాహిత్యంలోకి ఏ దారిన వెళ్లాలి?" అని ఒకరు అడిగారు.

నేనూ అదే కావ్యం దగ్గర ఆగిపోయినవాణ్ణి. అందుకే ముందుగా చెప్పేది ఒకటే. కావ్యాలను కొన్నాళ్లు పక్కన పెట్టి, సంగం కవిత్వం అనే ప్రాచీన తమిళ కవితల్లోని కుఱుంతొగై సంకలనం తీసుకోండి. నాలుగు నుంచి ఎనిమిది పాదాల చిన్న ప్రేమ పద్యాలు, నాలుగు వందల చిల్లర ఉంటాయి.

ఉద్యోగం వల్ల నాలుగేళ్లు మదురైలో ఉన్నాను. మా పక్కింట్లో బడిలో తమిళం చెప్పి రిటైరైన పెద్దాయన ఉండేవారు. అయ్యా అని పిలిచేవాణ్ణి. "ఇంత పాత తమిళం నాకెలా అర్థమవుతుందయ్యా?" అంటే, "వ్యాఖ్యానం లేకపోతే మావాళ్లకూ అర్థం కాదు. నీకు తెలుగు ఉంది కదా, కూర్చో" అని కాగితం మీద అయిదు పాదాలు రాశారు. అది కుఱుంతొగైలో 40వ పద్యం. 'నా తల్లి, నీ తల్లి ఒకరికొకరు ఏమవుతారు? మా నాన్న, మీ నాన్న ఏ వరసన చుట్టాలు? నువ్వూ నేనూ ఎలా ఎరుగుదుం? అయినా ఎర్రనేల మీద పడ్డ వాననీటిలా మన మనసులు కలిసిపోయాయి' అంటాడు ప్రియుడు.

ఆ ఉపమానం "సెమ్ పులప్ పెయల్ నీర్ పోల" అని ఉంటుంది. అయ్య ఒక్కో మాట కింద గీత గీస్తూ తెలుగు మాట నాతోనే చెప్పించారు. సెమ్ అంటే మన చెందామరలో, చెంగలువలో ఉన్న చెం. పులం మన పొలం. నీర్ నీరే. పోల అంటే పోలి. చివర వచ్చే "కలందనవే" అనే క్రియలో మన కలయిక ఉంది. నాకు కొత్తగా వచ్చిన మాట పెయల్ ఒక్కటే, వాన అని అర్థం. పరాయి భాష అనుకుని భయపడినచోట మా ఊరి పొలం, నీరు కనబడ్డాయి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ కవి అసలు పేరు నిలవలేదు. తాను చెప్పిన ఉపమానమే ఆయనకు పేరైంది: సెంబులప్పెయనీరార్.

తర్వాత తెలుసుకోవలసింది తిణై. ప్రేమలోని ఒక్కో దశకు ఒక్కో నేలను ముడిపెట్టారు ఈ కవులు. కలయికకు కొండ, ఓపికగా ఎదురుచూడటానికి అడవి, అలకకు వరిపొలాలు, బెంగకు సముద్రతీరం, ఎడబాటుకు ఎండిన బీడు. ఇది తెలియకపోతే సగం పద్యం మన చేతికి రాదు. 3వ పద్యం చూడండి. 'నేలకంటె పెద్దది, ఆకాశంకంటె ఎత్తైనది, నీటికంటె లోతైనది, నల్లకాడల కుఱింజి పూలతో తేనె కూడే కొండసీమ వాడితో నా స్నేహం' అంటుంది ఆమె. వాళ్లు కలుసుకున్నారని ఎక్కడా చెప్పదు. కొండ, తేనె ఆ మాట చెప్పేస్తాయి. పన్నెండేళ్లకు ఒకసారి పూసే ఆ కుఱింజి పువ్వు పేరే కొండ తిణైకి పెట్టారు.

ఎడబాటు పద్యాల్లో మనల్ని ఆపేసేది ఇంకొకటి ఉంది. అగనానూరు అనే మరో సంగం సంకలనంలో మామూలనార్ అనే కవి, భర్త ధనం కోసం వేంగడం దాటి "మొళిపెయర్ తేయం" వెళ్లాడంటాడు. భాష మారిపోయే దేశం అని అర్థం. వేంగడం మన తిరుమల కొండలే. అంటే ఆ ఇల్లాలు తలుచుకుని కుమిలిపోయే ఆ దూరదేశం మన వైపే. తిరుపతి మీదుగా రైల్లో వస్తున్నప్పుడల్లా నాకు ఈ మాట గుర్తొస్తుంది.

ఇవి ఒక యాభై చదివాక శిలప్పదికారానికి తిరిగి రండి. మొదటి కాండమైన పుగార్‌తో కాకుండా మదురై కాండంతో మొదలుపెట్టండి. కథ టూకీగా ఇది: ఆస్తి పోగొట్టుకున్న వర్తకుడు కోవలన్, భార్య కణ్ణగి కాలి అందె అమ్ముకోవడానికి ఆమెతో మదురై వస్తాడు. రాణి అందె దొంగిలించింది ఇతనేనని ఒక కంసాలి చెప్తే నమ్మి రాజు అతన్ని చంపిస్తాడు. ఇది తెలిస్తే మధ్యలో మొదలుపెట్టినా ఇబ్బంది ఉండదు. కోవలన్, కణ్ణగి తెప్ప మీద వైగై నది దాటుతుంటారు. వాళ్లకు జరగబోయేది తెలిసినట్టు, వైగై పూల వస్త్రం కప్పుకుని కన్నీళ్లు దాచుకుంటుంది. నేను రోజూ బస్సులో దాటిన వైగై చాలా నెలలు ఇసుకే. ఈ భాగం చదివిన మర్నాడు వంతెన మీద దిగిపోయి, ఆఫీసుకు ఆలస్యమైనా, చాలాసేపు నిలబడ్డాను. తిణై తెలియకముందు ఇదే భాగం నాకు ఉత్త వర్ణనలా అనిపించింది.

ఆ తర్వాత అందెల ఘట్టం. కణ్ణగి న్యాయం అడగడానికి రాజు దగ్గరికి వస్తుంది. రాణి అందెలో ముత్యాలు, కణ్ణగి అందెలో మాణిక్యాలు. కణ్ణగి అందెను పగలగొడితే లోపలి మణి ఎగిరి రాజు నోటికి తగులుతుంది. 'కంసాలి మాట విన్న నేను రాజునా? నేనే దొంగను' అని పాండ్యరాజు కుప్పకూలి ప్రాణం విడుస్తాడు. ఇంత పొదుపుగా న్యాయం పలికిన సన్నివేశం నేను మరెక్కడా చదవలేదు.

కోవలన్‌కు నర్తకి మాధవి వల్ల పుట్టిన కూతురి కథ మణిమేఖలై అనే కావ్యం. అందులో బౌద్ధ తర్కం ఎక్కువ, అది చివరికి ఉంచుకోండి.

ఈ గ్రంథాలు మనదాకా రావడానికి ఉ.వే. స్వామినాథ అయ్యర్ తాళపత్రాల కోసం ఊరూరా తిరిగారు. 1892లో శిలప్పదికారం, 1894లో పుఱనానూరు అనే సంగం సంకలనం, 1898లో మణిమేఖలై అచ్చువేశారు. కుఱుంతొగైకి ఆయన చేసిన ప్రచురణ 1937లో, ఆయనకు ఎనభై దాటాక వచ్చింది.

ఇంగ్లీషు ఇబ్బంది లేకపోతే, కుఱుంతొగై నుంచి ఏరి ఏ.కె. రామానుజన్ చేసిన 1967 నాటి అనువాదం మొదట చదవండి. ఏ అనువాదం దొరికినా ప్రతి పద్యానికీ ఉండే చిన్న వచన సూచనను వదలకండి. ఎవరు ఎవరితో అంటున్నారో అందులో ఉంటుంది. 40వ పద్యానికి ఉన్న సూచన ప్రకారం, అతను విడిచి వెళ్లిపోతాడేమోనని ఆమె భయపడుతోంది. అది పసిగట్టి అతను ఆ మాటలంటున్నాడు. సూచన చదివి, పద్యం మళ్లీ మొదటినుంచి చదవండి.