బడి మాన్పిస్తే మా అబ్బాయి ఒంటరివాడైపోతాడా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఏడాదిగా పొద్దున లేవగానే కడుపునొప్పి అంటున్నాడు. సెలవు రోజుల్లో ఏ నొప్పీ ఉండదు. లెక్కలు చకచకా చేస్తాడు, చదవమంటే మాత్రం అక్షరాల దగ్గర తడబడతాడు. టీచర్ అందరి ముందూ ‘బద్ధకం’ అంటున్నారట. మా ఆవిడ వాణ్ణి బడి మాన్పించి ఇంట్లో తానే చదివిస్తానంటోంది. హోమ్‌స్కూలింగ్ చేస్తున్నవాళ్ల వీడియోలు చూసి నిర్ణయం కూడా తీసేసుకుంది. నాకేమో టెన్షన్. వాడికి స్నేహితులుండరు, సర్టిఫికెట్ ఉండదు, తనకి టీచర్ ట్రైనింగూ లేదు. కరోనా రోజుల్లో మా పెద్దమ్మాయి ఇంట్లో ఏం చదివిందో చూశాం కదా! ‘బడిలో పనికిరాని పిల్లాడు అంటారు’ అని మా అమ్మ బాధ. రోజూ ఇదే గొడవ. మా ఆవిణ్ణి ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించే సంగతి తర్వాత చూద్దాం. మీ భయాల్లో సగం నిలబడేవి కావు. మీ ఆవిడ ఆశల్లోనూ దాదాపు అంతే. ఇద్దరూ నిజం కాని విషయాల మీద పోట్లాడుకుంటుంటే అసలు విషయం పక్కకి పోయినట్టు నాకనిపిస్తోంది.

ముందు కరోనా మాట. 2020లో బడులు మూసినప్పుడు, యునెస్కో లెక్క ప్రకారం ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా విద్యార్థులు ఇళ్లలో ఉండిపోయారు. అప్పుడు జరిగింది హోమ్‌స్కూలింగ్ కాదు. అదే సిలబస్, అదే టైమ్‌టేబుల్, అదే టీచర్, కాకపోతే ఫోన్ తెర మీద. ఆటస్థలాలు, లైబ్రరీలు మూతపడ్డాయి, స్నేహితుల ఇళ్లకి వెళ్లే వీల్లేదు, పెద్దవాళ్లకే రేపేమవుతుందో తెలీదు. మొదటినుంచీ పిల్లల్ని ఇంట్లో చదివించుకుంటున్నవాళ్లకి కూడా అది గడ్డుకాలమే. మీ అమ్మాయి అనుభవాన్ని పట్టుకుని బాబు విషయం తేల్చడం సరికాదు.

ఇక స్నేహితులు. అందరూ మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. బడిలో ఉన్నంత మాత్రాన స్నేహం పుట్టేస్తుందన్నది ఈ భయం వెనకున్న నమ్మకం. మీ బాబునే చూడండి. ముప్ఫై మంది మధ్య కూర్చుంటున్నాడు, వాళ్ల ముందే అవమానపడుతున్నాడు. అది వాడికి ఏ కలివిడితనం నేర్పుతోంది? అలాగని ఇంట్లో ఉంటే స్నేహాలు వాటంతటవే వస్తాయని కూడా అనను. బడి ఒక పని చేస్తుంది: అవే ముఖాల్ని రోజూ ఎదురుపెడుతుంది. గొడవపడినా మర్నాడు మళ్లీ కలవాల్సిందే, స్నేహం ముదిరేది అలాగే. బడి మానితే ఆ ఏర్పాటు మీరు చేయాలి. నెలకోసారి పార్కుకి తీసుకెళ్తే చాలదు. వారంలో కనీసం రెండు మూడు సార్లు, అదే పిల్లలతో, అదే సమయానికి ఏదో ఒకటి ఉండాలి. ఆటల కోచింగో, సంగీతమో, పక్కింటి పిల్లలతో సాయంత్రం ఆటో. ఈ పని ఎవరు చేస్తారు, ఎవరు తీసుకెళ్లి తీసుకొస్తారు అన్నది ముందే తేలాలి. మీ ఉత్తరం చదివితే అదంతా మీ ఆవిడ నెత్తినే పడేలా ఉంది.

టీచర్ ట్రైనింగ్ లేదన్న సందేహానికి వస్తే, ఆ శిక్షణలో కొంత భాగం నలభై మందిని ఒకేసారి నడిపించడం గురించి. ఒక్క పిల్లాడికి చెప్పేటప్పుడు వాడికి ఎక్కడ అర్థం కాలేదో ముఖం చూస్తేనే తెలుస్తుంది, అక్కడే ఆగవచ్చు. 1984లో బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికన్ విద్యావేత్త, విడిగా ఒక్కొక్కరికి పాఠం చెబితే సగటు విద్యార్థి కూడా మామూలు తరగతిలో 98 శాతం మందిని దాటిపోతాడని రాశారు. తర్వాతి పరిశోధకులకు అంత పెద్ద తేడా దొరకలేదు. లాభం ఉందన్న మాట మాత్రం నిలిచింది. చిన్న తరగతుల పిల్లలకు ఇలా రోజుకి రెండు మూడు గంటల చదువు సాధారణంగా సరిపోతుంది. తొమ్మిది నుంచి నాలుగు దాకా బల్ల ముందు కూర్చోబెడితే బడిని ఇంట్లోకి తెచ్చిపెట్టినట్టే, పైగా ఇక్కడ పారిపోవడానికి ఇల్లు కూడా ఉండదు.

సర్టిఫికెట్ గురించి మీ భయంలో కొంత న్యాయం ఉంది, ఎందుకంటే చట్టం అన్నిచోట్లా ఒకటి కాదు. జర్మనీలో బడికి వెళ్లి తీరాలి. దాన్ని సవాలు చేసిన ఒక కుటుంబం 2006లో యూరప్ మానవ హక్కుల కోర్టులో ఓడిపోయింది. స్వీడన్‌లో అసాధారణ పరిస్థితుల్లోనే ఒప్పుకుంటారు. ఇంగ్లండ్‌లో 1996 నాటి చట్టం బడిలోనో మరో విధంగానో తగిన చదువు చెప్పించమంటుంది. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది గానీ నియమాలు రాష్ట్రానికో రకం. చాలా దేశాల్లో ఓపెన్ స్కూల్ ద్వారానో, ప్రైవేటు అభ్యర్థిగానో పరీక్ష రాసే దారి ఉంటుంది. ఎనిమిదేళ్ల వాడికి రేపే సర్టిఫికెట్ అక్కర్లేదు. మీరున్న చోట నియమమేంటో, మళ్లీ బడిలో చేర్చాలంటే ఏ కాగితాలు అడుగుతారో మాత్రం మాన్పించకముందే కనుక్కోండి, చెప్పిన జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. తిరిగి చేర్చుకోరన్న అపోహ వల్ల కొందరు సరిపడని పద్ధతిలోనే ఏళ్లు గడిపేస్తారు.

అమ్మగారికి చెప్పండి, జనం బడికి వెళ్లే పిల్లల గురించి కూడా మాట్లాడతారని.

ఇప్పుడు మీ ఆవిడ వైపు. ఆవిడ చూసిన వీడియోల్లో ఇంట్లో చదివే పిల్లలకు మార్కులు ఎక్కువొస్తాయని చెప్పే ఉంటారు. అలాంటి అధ్యయనాలు చాలావాటిలో ఇష్టపడి ముందుకొచ్చిన కుటుంబాల పిల్లలనే లెక్కలోకి తీసుకున్నారు. చదువుకున్న తల్లిదండ్రులు, ఇంటినిండా పుస్తకాలు ఉన్నచోట మార్కులు బాగుంటే ఆ ఘనత హోమ్‌స్కూలింగ్‌దేనని ఎలా చెప్పగలం? 2013లో రాబర్ట్ కుంజ్‌మన్, మిల్టన్ గైథర్ అనే అమెరికన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించారు. ఇంటి చదువులో భాషకు సంబంధించిన సామర్థ్యం కాస్త మెరుగ్గా, లెక్కలు కాస్త వెనకగా ఉంటున్నాయని వాళ్లు గమనించారు. మీ బాబుకి లెక్కలు బలం. ఆ బలం తగ్గకుండా చూసేదెవరు? మీకు లెక్కలంటే ఇష్టమైతే ఆ సబ్జెక్టు మీరు తీసుకోండి. అప్పుడు ‘నీ నిర్ణయం, నీ తంటా’ అన్నది పోతుంది.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టిన మాట ఒకటుంది. లెక్కలు వచ్చిన పిల్లాడు అక్షరాల దగ్గర తడబడుతున్నాడు, టీచర్ బద్ధకం అంటున్నారు. ఉత్తరం చదివి నేను ఫలానా అని చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ డిస్లెక్సియా, అంటే అక్షరాలు, పదాలు చదవడంలో వచ్చే ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్న పిల్లలు చాలామంది మొదట ‘బద్ధకం’ అనే పేరే మోస్తారు. దానికీ తెలివితేటలకీ సంబంధం లేదు. బడి మార్చినా, మాన్పించినా అది దానంతటది పోదు. ఇంట్లో అమ్మ ప్రేమగా చెబితే సర్దుకుంటుందిలే అని ఎదురుచూసి రెండేళ్లు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. అక్షరాలకీ శబ్దాలకీ ఉన్న సంబంధాన్ని మెట్టుమెట్టుగా, పదేపదే నేర్పే పద్ధతులున్నాయి, వాటిని ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. అందుకే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. తర్వాత పిల్లల్లో చదువు ఇబ్బందుల్ని అంచనా వేసే సైకాలజిస్టుకి చూపించండి. బాబు బడిలో ఉన్నా ఇంట్లో ఉన్నా ఈ పని తప్పదు, దీన్ని హోమ్‌స్కూలింగ్ గొడవతో ముడిపెట్టొద్దు.

కడుపునొప్పి నాటకం కాదు. భయం వల్ల పిల్లలకి నిజంగానే కడుపు నొప్పి పెడుతుంది. ఒకసారి డాక్టరుకి చూపించి వేరే కారణం లేదని తేల్చుకోండి. మీరిద్దరూ కలిసి టీచర్‌తో మాట్లాడండి. అందరి ముందూ అలా అనొద్దని మర్యాదగా, గట్టిగా చెప్పండి. పరీక్షల ఫలితం వచ్చాక బడి ఆ విషయంలో సాయపడతానంటే ఒక దారి. ససేమిరా అంటే మీ ఆవిడ ఆలోచనకి బలమైన కారణం ఉన్నట్టే, వేరే బడి అన్న మూడో దారీ ఉంది. ఇంట్లోనే అనుకుంటే ఒక టర్మ్‌కని మొదలుపెట్టండి. మొదటి కొన్ని వారాలు పుస్తకాలు పెద్దగా ముట్టకపోయినా కంగారుపడకండి, దెబ్బతిన్న పిల్లాడు తేరుకోవడానికి సమయం పడుతుంది. టర్మ్ చివర చూడాల్సినవి: నొప్పి తగ్గిందా, తనంతట తాను ఏదైనా చదువుతున్నాడా, వారంలో ఎవరితో ఆడుతున్నాడు, మీ ఆవిడకి రోజులో తనకంటూ ఒక గంటైనా మిగులుతోందా.

ఉత్తరంలో మీరు, మీ ఆవిడ, అమ్మగారు, టీచర్ ఏమంటున్నారో ఉంది. బాబు ఏమంటున్నాడో లేదు. అలాగని ‘బడికెళ్తావా, మానేస్తావా’ అని అడగకండి. అది వాడికి అమ్మ కావాలా నాన్న కావాలా అన్నట్టు వినిపిస్తుంది. బడిలో రోజు మొత్తంలో ఏ గంట అంటే భయమో అడగండి. చదివించే గంటా, భోజనాల గంటా, బస్సులో గంటా? భోజనాల గంట అన్నాడంటే టీచర్ కంటే ముందు తోటి పిల్లల సంగతి ఆరా తీయాలి. పడుకునే ముందు, దీపం తీసేశాక, ఇద్దరిలో ఒక్కరే అడగండి. జవాబు రాకపోతే మర్నాడు మళ్లీ అడగవచ్చు.