లంగరు ఎందుకు జారుతోంది?

ప్రశ్న: చిన్న మోటారు పడవలో వెళ్లి, 10 మీటర్ల లోతులో లంగరేసి గాలం వేస్తుంటాం. గాలి లేస్తే పడవ కొట్టుకుపోతోంది. ఇంకా బరువైన లంగరు కొనాలా?

జవాబు: ముందు తాడు కొలవండి. తప్పు చాలావరకు అక్కడే. తాడు నిలువుగా ఉంటే కెరటం లేచినప్పుడల్లా లంగరును ఇసుకలోంచి పెకలిస్తుంది. నేలబారుగా లాగితేనే అది దిగబడుతుంది. లోతుకు, నీటి మీంచి పడవ ముక్కు ఎత్తు 1 మీటరు కలిపితే 11. నెమ్మదిగా ఉన్న రోజు దానికి అయిదు రెట్లు, 55 మీటర్లు వదలండి, గాలుంటే ఏడు రెట్లు, 77. లంగరు దగ్గర పడవ పొడవంత గొలుసు ఉండాలి. మోటారు రివర్సులో మెల్లగా లాగి, తాడు మీద చెయ్యి పెట్టండి: గడగడ వణికితే ఇంకా జారుతున్నట్టే.

సౌకర్యమని తాడు వెనక మాత్రం కట్టకండి. మోటారు బరువుతో ఆ వైపు అసలే కిందికి ఉంటుంది, కెరటాలు నేరుగా లోపలికొస్తాయి.