నువ్వు కొట్టేసిన పదకొండో లైను

చిన్నీ,

నీ కాగితం ఫొటో తీసి పంపావు కదా, రెండు రోజులుగా దాన్నే చూస్తున్నాను. షుగర్ ఉందని తెలిసిన నాలుగు నెలలకే ఇంత ఓపిగ్గా కూర్చుని లక్ష్యాలు రాసుకున్నావంటే మెచ్చుకోవాల్సిందే. నాకైతే మొదటి ఏడాదంతా ఏడవడానికీ డాక్టర్లని మార్చడానికీ సరిపోయింది. అయినా ఒక మాట అంటాను, కోప్పడకు.

పది లైన్లు ఉన్నాయి అందులో. మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష, 6 లోపు. ఆరు నెలల్లో 12 కిలోలు తగ్గడం. రోజూ పదివేల అడుగులు. జీవితంలో మళ్ళీ స్వీటు ముట్టకపోవడం. ఇలా పదీ షుగర్ గురించే. పదకొండోది రాసి దాని మీద రెండు గీతలు కొట్టావు. పెన్ను గట్టిగానే నొక్కావు గానీ అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. "నలభై వచ్చేలోపు ఒక పెద్ద కొండ ఎక్కాలి."

ఎందుకు కొట్టేశావో నాకు తెలుసు. నేనూ కొట్టేశాను, కాగితం మీద కాదంతే.

నాకు షుగర్ బయటపడింది 43వ ఏట. అప్పటికి వారం ముందే ఈత క్లాసులో పేరిచ్చి వచ్చాను. రిపోర్టు చూసిన మర్నాడే ఫోన్ చేసి పేరు తీసేయించాను. ముందు షుగర్ సంగతి చూసుకుందాం, ఈత తర్వాత అనుకున్నాను. ఆ 'తర్వాత' రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. పోనీ ఆ ఎనిమిదేళ్ళూ షుగర్ బాగుందా అంటే అదీ లేదు. కళ్ళు పోతాయి, కిడ్నీలు పోతాయి అన్న భయంతో ఒక నెల బాగానే నడుస్తాం. రెండో నెలకి ఆ భయం కూడా ఇంట్లో పాత కుర్చీలా అలవాటైపోతుంది. 51వ ఏట మళ్ళీ పేరిచ్చాను. పొద్దున్నే కొలనులో దిగాలంటే రాత్రి త్వరగా పడుకోవాలి, సూది గుచ్చుకుని చూసుకోవాలి, పాదాలు చూసుకోవాలి. అంతకుముందు ఎవరెంత చెప్పినా చెయ్యనివన్నీ ఎవరూ చెప్పకుండానే చేశాను.

అందుకని ముందు నువ్వు చెయ్యాల్సింది ఒకటే. ఆ పదకొండో లైను తీసుకెళ్ళి అన్నిటికన్నా పైన రాయి. తర్వాత కింద ఉన్న పదింటినీ ఒక్కొక్కటిగా పట్టుకుని, కొండెక్కడానికి ఇది ఎందుకు పనికొస్తుంది అని అడుగు. సమాధానం వచ్చినవి ఉంచు. రానివి నాకు పంపు, వాదించుకుందాం.

నేను ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. కాబట్టి ఆ హెచ్‌బీఏ1సీ దగ్గర కాసేపు ఆగుతాను. రక్తంలో ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. బతికినన్నాళ్ళూ దానికి చక్కెర అంటుకుంటూ ఉంటుంది. ఎంత అంటుకుందో కొలిచి, గత రెండు మూడు నెలల సగటు చెప్తారు. 7 వచ్చిందంటే మీటర్ అంకెల్లో షుగర్ సగటున 154 దగ్గర ఉన్నట్టు లెక్క. నువ్వు ఈ రోజు మొదలుపెట్టింది పూర్తిగా అందులో కనిపించాలంటేనే మూడు నెలలు కావాలి. నెలకే చూసుకుని నీరసపడిపోకు. ఇంకోటి, నీకు రక్తం తక్కువగా ఉందని మీ అమ్మ చెప్పింది. ఆ సంగతి డాక్టరుకి చెప్పావా? ఐరన్ తక్కువైనవాళ్ళకి ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. చాలామందికి 7 లోపు ఉంటే బాగున్నట్టే. చిన్న వయసు, లో షుగర్ తెప్పించే మందులేవీ లేవు కాబట్టి నీకు ఇంకాస్త తక్కువ పెట్టుకోమనొచ్చు. నాకు 68 వచ్చాయి, నాకు మా డాక్టరు 7.5 చాలన్నారు. నీ అంకె నీ డాక్టరుని అడిగి రాసుకో. నెట్‌లో చూసి కాదు.

అసలు అంకె మన చేతిలో ఉండదు, పని ఉంటుంది. "6 లోపు" అని రాసుకుంటే పొద్దున్న లేచి ఏం చెయ్యాలో అది చెప్పదు. "రాత్రి భోజనమయ్యాక పావుగంట నడక" అని రాసుకో, అది చెప్తుంది. తిన్న తర్వాత నడిస్తే కండరాలు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోంచి చక్కెర లాక్కుంటాయి. మన ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చెయ్యకపోవడమే కదా గొడవ. కాళ్ళకి ఆ పక్కదారి ఒకటుంది, వాడుకో. రోజూ పదివేల అడుగులు అన్నావు, వానొస్తే? పాపకి జ్వరమొస్తే? వారానికి 150 నిమిషాలు, వరసగా రెండు రోజులకి మించి మానకూడదు అని మార్చుకో. వారంలో రెండు రోజులు వీపున బరువున్న సంచీ తగిలించుకుని మెట్లెక్కు. అది షుగర్‌కీ పనికొస్తుంది, కొండకీ పనికొస్తుంది.

బరువు లైను మాత్రం కొట్టెయ్యకు, అది మంచి లైను. బ్రిటన్‌లో డైరెక్ట్ అని ఒక అధ్యయనం జరిగింది, ఫలితాలు 2017లో వచ్చాయి. మనకున్న రకం షుగరే, టైప్ 2, వచ్చి ఆరేళ్ళు దాటని, బరువు ఎక్కువున్నవాళ్ళని తీసుకుని గట్టిగా బరువు తగ్గించారు. ఏడాదికి దాదాపు సగం మందికి మందుల్లేకుండానే షుగర్ మామూలు స్థాయికి వచ్చింది. 15 కిలోలు, అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్ళలో అయితే 86 శాతం మందికి. రెండో ఏడాదికి కొందరికి తిరిగొచ్చింది, అదీ నిజమే. నాకు తెలిసిన రోజుల్లో ఇలాంటిది సాధ్యమని ఎవరూ చెప్పలేదు. నీకు మొదట్లోనే తెలిసింది కాబట్టి అవకాశం ఎక్కువ. కానీ వాళ్ళు డాక్టర్లు, డైటీషియన్ల కనుసన్నల్లో చేశారు, మందులు వాళ్ళే సర్దారు. నువ్వు ఒక్కదానివే ఉపవాసాలు మొదలుపెట్టకు. తిండి గురించి ఇంతకన్నా నేను రాయను. నాకన్నా డైటీషియన్‌కి బాగా తెలుసు, పైగా ఈ విషయంలో ఊరందరూ నీకు సలహాలిస్తూనే ఉంటారు.

స్వీటు లైనులో "జీవితంలో మళ్ళీ" అన్న మాటలు తీసెయ్. అలాంటి మాట ఒక్కసారి తప్పితే మిగతా తొమ్మిదీ కూడా వదిలేస్తాం. నేను అలా వదిలేసినదాన్నే.

ఇప్పుడు నా కొలను కథ చెప్తాను, నీకు కొండ మీద పనికొస్తుంది. అప్పట్లో నేను గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకునేదాన్ని. కడుపు నిండా తిని ఈదకూడదని ఒక రోజు మాత్ర వేసుకుని దాదాపు ఏమీ తినకుండా దిగాను. అరగంటకి చేతులు బరువెక్కాయి. అలసటేమో అనుకున్నాను. లో షుగర్ అయితే చెమటలు పడతాయంటారు కదా, నీళ్ళలో ఉన్నవాళ్ళకి చెమట ఎక్కడ తెలుస్తుంది! కోచ్ పిల్ల ఏదో అడిగింది, మాట వినిపిస్తోంది గానీ జవాబు రావట్లేదు. ఆ పిల్లే చెయ్యి పట్టి గట్టు మీదికి లాగింది. మీటర్ చూస్తే 52. మీ పెదనాన్న చేతులు వణుకుతూ గ్లూకోజు నీళ్ళు కలిపి తాగించారు. పావుగంటకి మళ్ళీ చూస్తే 88. తప్పు మాత్రది కాదు, నాది. ఆ మాత్ర పాంక్రియాస్‌ని గిల్లి ఇన్సులిన్ పోయిస్తుంది, మనం తిన్నామా లేదా అన్నది దానికి అక్కర్లేదు.

నువ్వు ఇప్పుడు మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్నావు. దాంతో లో షుగర్ రావడం అరుదు. కానీ రేపు మందు మారినా, ఇన్సులిన్ మొదలైనా ఈ లెక్క గుర్తుండాలి. 70 కంటే తక్కువ ఉంటే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు, లేదా అరగ్లాసు పైన పండ్ల రసం. పావుగంట ఆగి మళ్ళీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ అంతే. బయల్దేరేముందు 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిన్నాకే కదలాలి. బాగా కష్టపడిన రోజు రాత్రి కూడా షుగర్ పడిపోవచ్చు, కండరాలు ఖాళీ అయిన గిడ్డంగి నింపుకుంటూ ఉంటాయి మరి. గ్లూకోజు సంచీ అడుగున కాదు, జేబులో ఉండాలి. నీతో వచ్చేవాళ్ళలో కనీసం ఒక్కరికి నీకు షుగర్ ఉందనీ, తూలితే ఏం చెయ్యాలో తెలియాలి. చెప్పడానికి సిగ్గుపడకు. నేను ఆ కోచ్ పిల్లకి చెప్పనే లేదు, అదృష్టం బాగుండి బయటపడ్డాను. కొండ మీద చలికి మీటర్లు మొరాయిస్తాయి, చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకో.

ఇక తొమ్మిదో లైను. "రెండో బిడ్డ ఆలోచన మానుకోవడం." ఇది చదివి నాకు నిద్ర పట్టలేదు. నీకూ మీ ఆయనకీ వద్దనిపిస్తే వద్దు, అది మీ ఇష్టం. షుగర్ కోసమే మానుకుంటున్నట్టయితే మాత్రం ఒకసారి డాక్టరుతో కూర్చో. షుగర్ ఉన్న ఆడవాళ్ళు చక్కగా పిల్లల్ని కంటున్నారు. కాకపోతే ముందుగా ప్లాన్ చేసుకోవాలి. బిడ్డ అవయవాలు మొదటి ఎనిమిది వారాల్లోనే ఏర్పడతాయి, చాలామందికి నెల తప్పిన సంగతి తెలిసేసరికే అందులో సగం అయిపోతుంది. అందుకే గర్భం రాకముందే హెచ్‌బీఏ1సీ 6.5 లోపుకి తెచ్చుకోమంటారు. ఫోలిక్ యాసిడ్ ముందే మొదలుపెట్టాలి, కొన్ని బీపీ, కొలెస్ట్రాల్ మందులు మార్చాలి, కళ్ళు చూపించుకోవాలి. నువ్వు గీతలు కొట్టకుండా కొట్టేసిన లైను అది. దాన్ని "డాక్టరుని అడగాలి" అని మార్చి రాయి చాలు.

కొన్నాళ్ళకి నీకు విసుగొస్తుంది. ఇది ముందే చెప్తున్నాను. అన్నీ సరిగ్గా చేసిన రోజే 190 కనిపిస్తుంది. రాత్రి నిద్ర లేకపోయినా, ఆఫీసులో టెన్షన్ అయినా, జలుబు చేసినా పెరుగుతుంది. అలాంటి ఒక చిరాకు రోజున మీటర్‌ని డ్రాయర్‌లో పడేసి ఎనిమిది నెలలు తియ్యలేదు నేను. పరీక్షలో తప్పిన పిల్లలు మార్కుల కాగితం దాచుకుంటారు చూడు, అచ్చం అలాగే. క్లాసులో పిల్లల్ని తిట్టేదాన్ని, ఇంట్లో నేను చేసింది అదే. మీటర్ చూపించేది మార్కులు కాదు, బండిలో పెట్రోలు ముల్లు లాంటిది. ముల్లు కిందికి పోయిందని డ్రైవర్ని ఎవరూ తిట్టరు కదా. విసుగు మరీ ఎక్కువై వారాల తరబడి ఉంటే డాక్టరుకి అదీ చెప్పు, షుగర్ ఉన్నవాళ్ళకి ఇది బాగా తెలిసిన బాధే. ఇంట్లోవాళ్ళు "అది తినకు, ఇది తినకు" అని కాపలా కాస్తే కోపం తెచ్చుకోకుండా పని అప్పజెప్పు. మీ పెదనాన్నని అలాగే మార్చాను. నా కంచం వైపు చూడ్డం మాని, కొలను గట్టున వాచీ పట్టుకుని కూర్చోవడం ఆయన డ్యూటీ అయింది.

పెద్దవాళ్ళ పేర్లు చెప్పి ఊదరగొట్టడం నాకు ఇష్టం ఉండదు. ఒక్కటి మాత్రం చెప్తాను, నీకు క్రికెట్ పిచ్చి కాబట్టి. పాకిస్తాన్ ఫాస్ట్ బౌలర్ వసీం అక్రమ్‌కి 1997లో, ముప్ఫై ఏళ్ళకి షుగర్ బయటపడింది. 2003 ప్రపంచకప్ దాకా ఆడాడు, ఆ టోర్నీలోనే వన్డేల్లో 500వ వికెట్ తీశాడు. ఆయనకి వెనక ఫిజియోలు ఉండి ఉంటారు, నీకు లేరు. అయితే నువ్వు ఆరేళ్ళు ఫాస్ట్ బౌలింగ్ చెయ్యక్కర్లేదు, ఒక్క కొండ ఎక్కితే చాలు.

ముందు చిన్న గుట్టతో మొదలుపెట్టు. ఈ నెలలోనే కంటి పరీక్ష చేయించుకో, కళ్ళలోకి చుక్కలు వేసి రెటీనా చూసే పరీక్ష. టైప్ 2 మనకి తెలిసేలోపే కొన్నేళ్ళుగా ఒంట్లో ఉండి ఉండొచ్చు, అందుకే తెలిసిన వెంటనే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి చూపించుకోవాలి. కిడ్నీల సంగతి చెప్పే మూత్రంలో అల్బుమిన్ పరీక్షా అంతే. రెటీనా బాగా దెబ్బతిన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు, కొండకి ముందే తెలియడం మంచిది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, అరికాళ్ళలో తిమ్మిర్లు వస్తే అదీ చూపించుకో.

బూట్లు సాయంత్రం పూట కొను, పాదాలు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటాయి. కొత్త బూట్లతో నేరుగా కొండకి వెళ్ళకు, నెల రోజులు ఇంటి చుట్టూ తిరిగి పాతబడ్డాక వెళ్ళు. రోజూ రాత్రి అరికాలు కింద అద్దం పెట్టి బొబ్బలున్నాయేమో చూసుకో. కొత్త కాగితం ఫొటో ఆదివారంలోపు పంపు.

మీ పెద్దమ్మ