దూడల తామర: వెంట్రుకను కరిగించి తినే శిలీంధ్రం

సందేహం: నాలుగైదు నెలల మా దూడలకు కళ్ల చుట్టూ, చెవుల మీద, మెడ మీద గుండ్రంగా వెంట్రుకలు ఊడి, బూడిద రంగు పెచ్చులు కట్టాయి. గోకడం పెద్దగా లేదు. గజ్జి అనుకొని పురుగులమందు కొట్టాం, వాడేసిన ఇంజన్ ఆయిల్ రాశాం. తగ్గకపోగా పక్క దూడలకు పాకింది. మా అబ్బాయి ముంజేతి మీద కూడా ఎర్రటి వలయం లేచింది. ఏం చేయాలి?
– ఒక పాడి రైతు, జనగామ జిల్లా

సలహా: మీరు చెప్పిన లక్షణాలు తామరవి. గజ్జికి కారణం కంటికి కనిపించని పురుగు. దానికి దురద విపరీతంగా ఉంటుంది. తామరకు కారణం శిలీంధ్రం. పశువుల్లో ఎక్కువగా కనిపించేది ట్రైకోఫైటాన్ వెరుకోసమ్. పురుగులమందుకు అది చావదు. ఇంజన్ ఆయిల్ వెంటనే మానేయండి. దూడలు ఒకదాన్నొకటి నాకుతాయి, ఆ విషం కడుపులోకి పోతుంది.

వెంట్రుక, చర్మం పైపొర, కొమ్ము, గిట్ట అన్నీ కెరాటిన్ అనే గట్టి మాంసకృత్తుతో తయారవుతాయి. దాని పోగులను గంధకపు బంధాలు బిగించి ఉంచుతాయి. కళేబరం మట్టిలో కలిసిపోయినా కొమ్ములు, వెంట్రుకలు చాలాకాలం మిగిలేది అందుకే. ఈ శిలీంధ్రానికి మాత్రం అదే ఆహారం. ముందుగా సల్ఫైట్ అనే గంధకపు రసాయనాన్ని వదిలి గంధకపు బంధాలను తెంపుతుంది. బిగి సడలిన కెరాటిన్ మీద మాంసకృత్తులను తెగ్గొట్టే ప్రోటీయేజ్ ఎంజైములను కుమ్మరిస్తుంది. వాటిలో కొన్ని పొడవాటి గొలుసును మధ్యలో తెగ్గొడితే, మరికొన్ని ఆ ముక్కలను చివర్ల నుంచి తొలుచుకుంటూ వస్తాయి. మిగిలిన అమైనో ఆమ్లాలను శిలీంధ్రం పీల్చుకుంటుంది. జీర్ణక్రియ అంతా దూడ చర్మం మీదే జరుగుతోందన్నమాట! దీనికి దూడ శరీరం ఎదురుతిరగడం వల్లే చర్మం వాచి, రసి కారి, పెచ్చు కడుతుంది.

మచ్చ అంచున ఉన్న వెంట్రుకను పీకి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో నానబెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తే, దాని చుట్టూ పూసల దండల్లా శిలీంధ్ర బీజాలు అంటుకొని కనిపిస్తాయి. రాలిన ప్రతి వెంట్రుక ముక్కా వాటిని మోసుకెళుతుంది. మందు రాసినా పాకలో జబ్బు తిరగబెట్టడానికి ఇదే కారణం.

కాబట్టి ముందు పెచ్చు తీయాలి. ఎండిన పెచ్చు మీద ఏది రాసినా లోపలికి అందదు. చేతి తొడుగులు వేసుకొని గోరువెచ్చని సబ్బు నీటితో పెచ్చులను నానబెట్టి, మెత్తని బ్రష్‌తో రక్తం రాకుండా తీయండి. వాటిని నేల మీద పారేయకుండా కాల్చేయండి. తరువాత పశువైద్యుని సలహాతో మైకోనజోల్ లేదా క్లోట్రిమజోల్ లేపనం రాయండి. మచ్చ దాటి చుట్టూ రెండు అంగుళాల మేర రాయాలి, ఎందుకంటే శిలీంధ్రం చురుగ్గా ఉండేది అంచునే. మెడ, వీపు మీది మచ్చలకు టింక్చర్ అయోడిన్ వాడవచ్చు, కంటి దగ్గర వద్దు. శిలీంధ్రానికి మింగించే గ్రిసియోఫుల్విన్ మాత్రలను సొంతంగా వాడకండి, చూడి పశువులకు అసలే ఇవ్వకూడదు.

దూడలను వేరు చేసి, రోజూ కాసేపు ఎండ తగలనివ్వండి. బీజాలు పొడి చోట ఏళ్ల తరబడి బతుకుతాయి. గుంజలు, తొట్లు, గోడలను శుభ్రంగా కడగండి. పేడ మిగిలితే తరువాత చల్లే క్లోరిన్ మందు పని చేయదు. ఆ మందు, అంటే 5 శాతం సోడియం హైపోక్లోరైట్, ఒక లీటరుకు 9 లీటర్ల నీళ్లు కలిపి, దూడలను బయటికి తోలాక చల్లండి. పాత పలుపులు కాల్చేయడమే మేలు. ఒక దూడకు వాడిన బ్రష్ ఇంకో దూడకు వాడవద్దు.

మంచి మేత తినే దూడల్లో ఈ జబ్బు రెండు నుంచి నాలుగు నెలల్లో తనంతట తానే తగ్గుతుంది. ఒకసారి తగ్గిన పశువుకు మళ్లీ రావడం అరుదు. కానీ అంతదాకా ఊరుకుంటే మంద మొత్తానికీ, ఇంట్లో వాళ్లకూ అంటుతుంది.

మీ అబ్బాయిని చర్మవైద్యునికి చూపించండి. మందుల దుకాణాల్లో అమ్మే స్టెరాయిడ్ కలిసిన లేపనాలు రాయవద్దు. దురద, ఎరుపు రెండు రోజుల్లో తగ్గినట్టే ఉంటాయి, శిలీంధ్రం మాత్రం అడ్డు లేకుండా విస్తరిస్తుంది. మచ్చ పూర్తిగా మానేవరకు అతన్ని దూడల పనికి పంపకండి.

మూడు నాలుగు వారాలు మందు రాసినా కొత్త వెంట్రుకలు మొలవకపోతే, అంచు దగ్గరి వెంట్రుకలు, పెచ్చు పొడిని పొడి కాగితంలో మడిచి పశువైద్యశాలకు తీసుకెళ్లి పరీక్ష చేయించండి.